పట్నం ఖాళీ జాగాలో పల్లెటూరి మొక్కలు

కోర్టు పని మీదనో, ఆస్పత్రి పని మీదనో రాజమహేంద్రవరం వచ్చే పల్లెవాసులు బస్సు దిగి నడిచేటప్పుడు మేడలను చూస్తారు, దుకాణాలను చూస్తారు. రెండు మేడల మధ్య ఖాళీగా పడి ఉన్న జాగాను మాత్రం ఎవరూ చూడరు. "ఈ స్థలం అమ్మబడదు" అని పెద్ద అక్షరాలతో రాసిన గోడ, దాని వెనక విరిగిన ఇటుకలు, సిమెంటు పెళ్ళలు, ప్లాస్టిక్ సంచులు, మోకాలెత్తున పిచ్చి మొక్కలు. అందులో చూడటానికి ఏముంది అనిపిస్తుంది.

శ్రావణమాసంలో రెండు మంచి వానలు పడిన తరువాత అటువంటి జాగాలో ఒక గంట సేపు వంగి చూస్తే తెలుస్తుంది ఏముందో. నేల మీద ఇరవై రకాలకు తక్కువ కాకుండా మొక్కలుంటాయి. గోడ మీద మరో లోకం ఉంటుంది.

ఆ మధ్య ఒక ఉదయం అటువంటి జాగా పక్కగా వెళుతుంటే ఒక ముసలమ్మ కుచ్చెళ్ళు ఎగదోపుకొని, కొంగు ఒడిగా పట్టి, ఇటుకల మధ్య ఏదో కోసుకుంటూ కనిపించింది. పదేళ్ళ మనవడు పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఏం కోస్తున్నారు మామ్మగారూ?" అని అడిగితే తలెత్తింది.

"అటికమామిడి బాబూ. పప్పులో వేత్తే ఎంత బాగుంటాదో! మా ఊళ్ళో పొలం గట్టు మీద కోసుకొనేదాన్ని. ఇప్పుడు గట్ల మీద ఏదండీ? కలుపు మందు కొట్టేత్తన్నారు. ఇదిగో, ఇక్కడ దొరికింది" అన్నది.

కొడుక్కి పట్నంలో ఉద్యోగం కావడంతో మూడేళ్ళ కిందట ఊరు విడిచి వచ్చిందట. అడిగినదే తడవుగా ఆ జాగాలో మొలిచినవాటి పేర్లు చెప్పుకుపోయింది. ఉత్తరేణి, తుమ్మి, కుప్పింటాకు, నేల ఉసిరి, పల్లేరు, గంగపాయల కూర, గలిజేరు, వామింట, కసివింద, గడ్డిచామంతి... మొత్తం ఇరవై రెండు లెక్కకు వచ్చాయి. మనవడిని అడిగితే రెండు చెప్పాడు. ఒకటి గరిక, రెండవది తులసి. తులసి అక్కడ లేదు.

ఆ ఇరవై రెండుకూ రెండుకూ మధ్య తేడా గురించే ఈ వ్యాసం.

నేల మరచిపోదు

ఎవరూ నాటకుండా, నీళ్ళు పోయకుండా ఇన్ని మొక్కలు పట్నం నడిబొడ్డుకు ఎలా వచ్చాయి? కొన్ని కొత్తగా వచ్చినవే గాని, కొన్ని అక్కడ ఎప్పటినుంచో ఉన్నవే. మన పట్టణాలన్నీ పొలాల మీదికీ, తోటల మీదికీ పెరిగినవే. వరి చేను లేఅవుటు అయింది. లేఅవుటు వీధి అయింది. కాని చేనులో రాలిన కలుపు గింజలు మట్టిలోనే నిద్రపోతూ ఉన్నాయి. పునాదుల కోసం మట్టి తవ్వి పైకి పోసినప్పుడు వాటికి వెలుతురు తగులుతుంది. ఒక వాన చాలు, లేచి కూర్చుంటాయి. దుక్కి దున్నిన వారానికే కలుపు పచ్చగా పొడుచుకు రావడం రైతుకు కొత్త సంగతి కాదు. ఇదీ అదే.

గింజ ఎన్నాళ్ళు నిద్రపోగలదు? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో విలియం బీల్ అనే ఆచార్యుడు 1879లో కలుపు గింజలను ఇసుకతో కలిపి ఇరవై సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొక సీసా తీసి మొలకెత్తుతాయేమో చూడాలని ఆయన ఏర్పాటు. ఆయన పోయినా ఆ పని ఆగలేదు. 2021లో ఒక సీసా తీసి చల్లితే, 142 ఏళ్ళ తరువాత కూడా ఒక రకం గింజలు మొలకెత్తాయి. పొలం పోయినా పొలం జ్ఞాపకం మట్టిలో ఉంటుందన్నమాట.

కనుక మొలిచినదాన్ని బట్టి ఆ జాగా సంగతి కొంత చెప్పవచ్చు. జమ్ము మొలిచిందంటే అక్కడ ఏడాదిలో చాలా నెలలు నీరు నిలుస్తుంది. తుంగ దట్టంగా ఉంటే నేలలో తేమ ఎక్కువ. ముళ్ళతోటకూర, ఉమ్మెత్త, ఆముదం ఏపుగా పెరిగితే అది చెత్తో పెంటో పోసిన చోటు, నత్రజని దండిగా ఉందన్నమాట. పల్లేరు పాకితే ఇసుక పాలు ఎక్కువ, ఎండ ఎక్కువ. రాళ్ళూరప్పల మీద, నీటి చుక్క దొరకని చోట జిల్లేడు నిలబడుతుంది.

ఇదేమీ కాలక్షేపం కబురు కాదు. పొలం అమ్మి పట్నంలో ఇళ్ళస్థలం కొనేవారు మన జిల్లాలో తక్కువ కాదు. వేసవిలో చూసి, బయానా ఇచ్చి, వానాకాలంలో నెత్తి కొట్టుకొన్నవారూ ఉన్నారు. దస్తావేజులు చూసినట్లే ఒకసారి మొక్కలను కూడా చూడవలసింది. స్థలం మధ్యలో జమ్ము దుబ్బు కనిపిస్తే, ఆ ఇంటి పునాది ఎంత ఎత్తు లేపాలో అదే చెబుతుంది.

గోడ మీద పచ్చ మఖమలు

ఇక గోడ దగ్గరికి వద్దాం. ఉత్తరం వైపు నీడ పడే పాత గోడ, చూరు నీరు కారే చోటు, విరిగిన ఇటుక అంచు, కుళాయి గట్టు - వీటి మీద పచ్చటి మఖమలు గుడ్డ పరిచినట్లు ఒకటి పెరుగుతుంది. అందరూ దానిని నాచు అంటారు. మనం నాచు అనే ఒక్క మాటను వేరువేరు జీవులకు వాడుతున్నాం.

కాలు జారే పాకుడు ఒకటి. అది చెరువు నాచుకు చుట్టం. దానికి కాండం లేదు, ఆకు లేదు. వానల తరువాత డాబా మీద, గట్టి నేల మీద ముదురు ఆకుపచ్చ రంగులో జిగురుగా, తునకలు తునకలుగా ఉబ్బి కనిపించేది మరొకటి. అది నీలి ఆకుపచ్చ నాచు తెగ. వరి మడిలో నత్రజని కోసం చల్లమని వ్యవసాయ శాఖవారు చెప్పే నాచుకు అది బంధువే. మూడవది ఈ మఖమలు. ఇది అసలైన మొక్క. శాస్త్రజ్ఞులు మాస్ అంటారు. మనం గోడనాచు అందాం.

దగ్గరగా చూస్తే అది గుడ్డ కాదు, వందల మొక్కల గుంపు. ఒక్కొక్క మొక్క బియ్యపు గింజంత ఎత్తు. సన్నని కాడ, చుట్టూ చిన్న చిన్న ఆకులు. వేరు మాత్రం లేదు. వేరులా కనిపించే పోగులు గోడను పట్టుకోవడానికే. పువ్వూ లేదు, గింజా లేదు. వెంట్రుకంత కాడ చివర చిన్న బుడిపె లేస్తుంది. అందులోని పొడి గాలికి ఎగిరి మరొక గోడకు చేరుతుంది.

పిల్లలతో చేయించదగిన పరీక్ష ఒకటి ఉంది. వాన లేని రోజుల్లో గోడనాచు నల్లబడి, ఎండి, చచ్చినట్లు ఉంటుంది. ఇటుక గోడల మీద సాధారణంగా పెరిగే హయోఫిలా అనే రకమైతే ఆకులను లోపలికి చుట్టుకొని గొట్టాల్లా పడి ఉంటుంది. దాని మీద ఒక చెంచాడు నీళ్ళు పోసి చూడండి. చూస్తుండగానే ఆకులు విచ్చుకొని పచ్చబడతాయి. చావలేదు, నీటి కోసం కాచుకొని ఉన్నది. అంటార్కిటికా దగ్గరి సైనీ దీవిలో 1500 ఏళ్ళకు పైగా మంచులో గడ్డకట్టి ఉన్న నాచు తిరిగి చిగురించిందని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన గోడ మీది నాచు ఓర్పు కూడా ఆ వంశానిదే.

నాచు మనకు అక్కరకు రాని వస్తువేమీ కాదు. కడియం వైపు నర్సరీలలో కొమ్మకు గూటీ కట్టేవారికి స్ఫాగ్నం అనే నాచు బాగా తెలుసు. కొండ ప్రాంతాల చిత్తడి నేలల్లో పెరిగే ఆ నాచు తన ఎండు బరువుకు పదిహేను, ఇరవై రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. బెరడు ఒలిచిన చోట దాన్ని తడిపి చుట్టి కడితే తేమ ఆరక వేళ్ళు పుడతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలక బ్రిటిష్ ఆస్పత్రులలో సైనికుల గాయాలకు ఇదే నాచుతో కట్లు కట్టారు.

విషాన్ని పట్టించిన నాచు

వేరు లేదు గనుక నాచు తన తిండినంతా వానలోనుంచీ గాలిలోనుంచీ తీసుకుంటుంది. గాలిలో ఏది ఉంటే అది దాని ఒంట్లో చేరుతుంది. తనకు పనికిరానిది కూడా చేరుతుంది. ఈ గుణమే ఒక ఊరిని కాపాడింది.

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో, 2013 డిసెంబరులో అటవీశాఖ పరిశోధకులు వీధుల వెంట ఉన్న చెట్లకు పట్టిన నాచును 346 చోట్ల గీరి తెచ్చి పరీక్షించారు. కొన్ని చోట్ల నాచులో కాడ్మియం అనే విషపు లోహం ఎక్కువగా బయటపడింది. ఆ చోట్లను పటం మీద గుర్తు పెడితే, అవి రంగు గాజు తయారుచేసే రెండు కర్మాగారాల చుట్టూ ఉన్నాయి. చుట్టుపక్కల ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. ఆ కర్మాగారాల నుంచి అంత విషం వస్తున్నదని అంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. 2016లో ఈ సంగతి బయటికి రాగానే గగ్గోలు పుట్టింది. ఆ కర్మాగారాలు కాడ్మియం వాడకం ఆపాయి. లక్షల ఖరీదు చేసే యంత్రాలను అన్ని వీధుల్లో పెట్టలేని చోట, చెట్టుకు పట్టిన నాచు సాక్ష్యం చెప్పింది.

ఇందులో మన ఇళ్ళకు పనికివచ్చే పాఠం ఒకటి ఉంది. గాలిలోదీ మట్టిలోదీ నాచు ఒక్కటే పీల్చుకోదు, ఆకుకూరలు కూడా పీల్చుకుంటాయి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలును 2000 సంవత్సరంలో ఆపేశారు. అంతకు ముందు రోడ్ల పక్క మట్టిలో చేరిన సీసం అంత తొందరగా పోయేది కాదు. పాత బ్యాటరీలు విప్పిన చోట, రంగుల డబ్బాలు పారబోసిన చోట, మురుగు పారే చోట మొలిచిన కూర ఎంత నవనవలాడుతున్నా తినరాదు. పైగా మురుగులో నులిపురుగుల గుడ్లు ఉంటాయి.

మామ్మగారికి కాడ్మియం పేరు తెలియదు. అయినా ఆ జాగాలో కాలువ పక్కన దట్టంగా పెరిగిన పొన్నగంటి కూర జోలికి ఆమె పోలేదు. "అది కాలవ నీళ్ళు తాగి బలిసింది బాబూ. చూడ్డానికే" అన్నది. మెట్టగా, శుభ్రంగా ఉన్న మూలకు పోయి అక్కడే కోసుకుంది.

ఎక్కడివారో, ఇక్కడివారయ్యారు

ఖాళీ జాగాలో మొలిచినవన్నీ మన నేలవి కావు. పూర్వం బడిపిల్లలు పలకలు తుడిచిన గడ్డిచామంతి - రావణాసురుడి తలకాయలు అని ఆడుకునేది - అమెరికా ఖండం నుంచి వచ్చింది. బ్రహ్మదండి మెక్సికోది. సర్కారు తుమ్మ కూడా అటునుంచి వచ్చినదే. వీటిలో కొన్ని ధాన్యం బస్తాలలో వచ్చాయి. కొన్నిటిని అందం కోసమో, వంటచెరకు కోసమో మనుషులే తెచ్చారు. లారీ చక్రాలకు అంటిన బురద, గొర్రె బొచ్చు, ప్రయాణికుల పంచె అంచులు గింజలకు బండ్లు. ఉత్తరేణి వెన్ను పక్కగా నడిచి వెళ్ళినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

వచ్చినవాటిలో చెడ్డది వయ్యారిభామ. మన దేశంలో దీనిని మొదట 1950లలో పూనాలో గుర్తించారు. ఇప్పుడు ఇది లేని ఊరు లేదు. తెల్లని చిన్న పూలతో అందంగానే ఉంటుంది. కాని తగిలితే కొందరికి చర్మం దురద పెట్టి పుండ్లు పడుతుంది. పుప్పొడి పీల్చితే కొందరికి ఆయాసం వస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దీని ఆకును తినే ఒక పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరులో విడిచారు. పురుగు తినే మాట నిజమే గాని, దానికన్నా మొక్కదే పైచేయి అయింది. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకొని వేరుతో సహా పీకడమే మనం చేయగలిగింది. పూసిన తరువాత పీకి రోడ్డు పక్కన పారేస్తే విత్తనం చల్లినట్లే.

పాత గోడ సందులో మొలిచే రావి మొక్కది మరొక కథ. కాకి, గోరువంక రావిపండు తిని గోడ మీద రెట్ట వేస్తాయి. నాచు పట్టిన చోట తేమ ఉంటుంది, చిటికెడు దుమ్ము ఉంటుంది. రావి గింజకు అంతే చాలు. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడు వేలితో పీకవచ్చు. దేవుడి చెట్టు అని వదిలేస్తే వేరు సందులోకి దిగి, ఏటేటా లావెక్కి ఇటుకను ఇటుకనుంచి విడదీస్తుంది. 1900లో రైళ్ళకు తెరచి 1997లో ఆపేసిన మన హేవలాక్ వంతెన వంటి పాత కట్టడాలకు వరద కన్నా ఇటువంటి మొలకలే మెల్లగా చేటు తెస్తాయి. చిన్నప్పుడే తీసి గుడి దగ్గరో చెరువు గట్టునో నాటితే చెట్టూ దక్కుతుంది, గోడా దక్కుతుంది.

మందూ అక్కడే, విషమూ అక్కడే

శ్మశానాల దగ్గర, పాడుబడ్డ గోడల పక్కన తనంత తాను పూసే బిళ్ళగన్నేరును ఎవరూ పట్టించుకోరు. మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన ఈ మొక్క నుంచి 1958లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు కేన్సరుకు పనిచేసే పదార్థాన్ని తీసి చూపారు. ఈ మొక్క నుంచే తీసిన విన్‌క్రిస్టీన్ అనే మందు 1960ల నుంచి పిల్లల రక్త కేన్సరు వైద్యంలో ప్రాణాలు నిలబెడుతున్నది. అంతమాత్రాన ఆకు నూరి తాగరాదు. పచ్చి మొక్క విషమే. మందు అయ్యేది దాన్ని శుద్ధిచేసి, కొలత ప్రకారం వైద్యులు ఎక్కించినప్పుడే.

నేల ఉసిరి సంగతీ చెప్పుకోవాలి. రెమ్మను తిప్పి చూస్తే ఆకుల అడుగున వరుసగా ఆవగింజంత కాయలు. పచ్చకామెర్లకు దీని పసరు ఇవ్వడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. మద్రాసు పరిశోధకులు దీనితో హెపటైటిస్-బి రోగులలో మంచి ఫలితాలు చూశామని 1988లో ప్రకటించారు. తరువాత వేరే చోట్ల జరిపిన పరీక్షలలో ఆ ఫలితం రాలేదు. కామెర్లు ఒక్క కారణంతో రావు. పసరు తాగి, పథ్యం చేసి, రక్తపరీక్ష చేయించుకోకుండా రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

పోలిక చూసి మోసపోతే ఏమవుతుందో 1998లో ఢిల్లీ చూసింది. బ్రహ్మదండికి ముళ్ళ ఆకులు, పచ్చని పూలు, తుంచితే పసుపు పాలు ఉంటాయి. దాని గింజలు చూడటానికి ఆవాలలాగే ఉంటాయి. ఆ గింజల నూనె ఆవనూనెలో కలిసింది. తిన్నవారికి కాళ్ళు నీరుపట్టి వాచాయి, గుండె దెబ్బతిన్నది. మూడువేల మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. అరవై మందికి పైగా చనిపోయారు.

పిల్లలున్న ఇళ్ళవారు ముఖ్యంగా నాలుగు గుర్తుంచుకోవాలి. ముళ్ళకాయ కాసే ఉమ్మెత్త, మచ్చల గింజల ఆముదం, అడవి ఆముదం, ఎరుపు నలుపుల గురివింద. ఈ నాలుగు గింజలూ చూడటానికి ఆటవస్తువుల్లా ఉంటాయి. నమిలితే నాలుగూ విషమే. తిన్నారని తెలిస్తే నాటు వైద్యాలతో ఆలస్యం చేయక, తిన్న గింజను చేతపట్టుకొని ఆస్పత్రికి పరుగెత్తాలి. గింజ చూపితే డాక్టరు పని సులువవుతుంది. ఎవరూ లేని ఖాళీ జాగాలో ఆడుకునేది పట్నం పిల్లలే. పేర్లు తెలియనిదీ వారికే.

సామర్లకోట డాక్టరుగారి పుస్తకం

పేరు తెలియడంలో ఏముంది అని కొందరు అనవచ్చు. మన గడ్డ మీద రెండు వందల ఏళ్ళ కిందటే ఒకాయన దీనికి జవాబు చెప్పాడు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు కుంఫిణీ కొలువులో 1781లో సామర్లకోట చేరాడు. అక్కడ తోట వేశాడు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళేవరకు మన గోదావరి ప్రాంతపు మొక్కలను వెతికి, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలలో మూడు వందలు "కోరమాండల్ తీరపు మొక్కలు" అనే మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో అచ్చయ్యాయి.

విశేషమేమిటంటే ఆయన మొక్కకు లాటిన్ పేరు పెట్టి ఊరుకోలేదు. తెలుగువారు దానిని ఏమంటారో కూడా ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. ఆ తెలుగు పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? కూర కోసుకునే ఆడవారు, పశువులు కాసేవారు, ఊరి వైద్యులు చెప్పి ఉండాలి. వారి పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు. వారు చెప్పిన మాటలు మాత్రం ఎక్కాయి. ఈనాటికీ ప్రపంచంలో ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పుస్తకాలు తెరిచినా మన మాటలు అక్కడ ఉన్నాయి.

అక్కడ ఉన్న మాటలు మన పిల్లల నోట లేకపోవడమే చింతించవలసిన సంగతి.

పంచాయతీలో ఒక పుస్తకం

పోగొట్టుకోకుండా ఉండటానికి చట్టం కూడా ఒక దారి చూపింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ, ప్రతి పురపాలక సంఘం ఒక జీవవైవిధ్య కమిటీని వేయాలి. ఆ ఊళ్ళో ఉన్న మొక్కలు, జంతువులు, వాటి పేర్లు, వాటి వాడుక ఊరివారిని అడిగి ఒక రిజిస్టరులో రాయించాలి. మీ పంచాయతీ కార్యాలయంలో ఆ రిజిస్టరు ఎక్కడున్నదో, అందులో ఎన్ని పేర్లున్నాయో ఒకసారి అడిగి చూడండి. లేని పేరు మీకు తెలిస్తే చెప్పి రాయించండి. మీ ఇంట్లో వయసు మళ్ళినవారుంటే వారిని అక్కడికి తీసుకువెళ్ళండి.

బడిపంతుళ్ళకు ఇంకా సులువైన పని ఉంది. వినాయక చవితికి ముందు ఒక పూట పిల్లలను ఊరి వెలుపలికి తీసుకుపోయి పత్రి గుర్తుపట్టించవచ్చు. ఇరవైఒక్క పత్రాలలో గరిక, ఉమ్మెత్త, ఉత్తరేణి, జిల్లేడు, ములక ఏ ఖాళీ జాగాలోనైనా ఉండేవే. బజారులో పత్రి పేరుతో ఏ ఆకు కట్టి ఇచ్చినా పుచ్చుకొని వస్తున్నాం. పిల్లలు తామే గుర్తుపట్టి, కావలసిన నాలుగు ఆకులు కోసి, మొక్కను ఉంచి రావడం నేర్చుకుంటే పూజకు పూజ, చదువుకు చదువు.

అలాగని ఖాళీ జాగాలను అడవులు చేయమని ఎవరూ అనరు. పాములుంటాయి, నీరు నిలిస్తే దోమలు చేరతాయి. వయ్యారిభామను పీకాలి, చెత్త తీయాలి, నీరు పోయే దారి చేయాలి. కాని మొత్తం ఒక్కసారిగా కలుపు మందు కొట్టించే ముందు అందులో ఏమున్నాయో తెలిసినవారితో ఒకసారి నడిచి చూస్తే నష్టమేమీ లేదు. కడియంలో డబ్బు పెట్టి తెచ్చి కుండీలో పెట్టుకున్న మొక్కకు పేరు అడుగుతాం. ఉచితంగా మొలిచినదానికి పిచ్చి మొక్క అని పేరు పెట్టేస్తాం.

మామ్మగారిని కలిసిన ఆ జాగాకు రెండు వారాల తరువాత మళ్ళీ వెళ్ళడం జరిగింది. గేటు పెట్టారు. లోపల ఇసుక, కంకర గుట్టలు పోసి ఉన్నాయి. పని మొదలయింది. మొక్కలు లేవు. బయటి గోడ మీద నాచు మాత్రం ఇంకా ఉంది. ఆ పక్క వీధిలోనే మామ్మగారు ఉంటున్నదని తెలిసి పలకరించబోతే, ఆమె ఇంట్లో లేదు. మనవడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గట్టు పక్కన సిమెంటు పగుల్లో మొలిచిన ఒక రెమ్మను తుంచి తిప్పి చూపించాడు. అడుగున వరుసగా కాయలున్నాయి.

"నేల ఉసిరండీ" అన్నాడు. "మామ్మ చెప్పింది. నాకు తొమ్మిది వచ్చు."